తేలిక గాలం, బరువైన చేప: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఉష్ణమండల సముద్రతీరంలో, రోడ్డు కూడా చేరని లాడ్జీలో బస చేసి, తేలికపాటి రాడ్డుతో, సన్నని లైనుతో చేపను పట్టి మళ్లీ నీటిలో వదిలే వేట గురించి ఉత్తర తెలంగాణ జిల్లాల పాఠకుల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చెరువు కట్టల మీద పెరిగిన వారికి ఈ ఆసక్తి ఉండటం సహజమే. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి హనుమకొండలో ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువుల దగ్గర వెదురు కర్ర, బెండు, ఎర్రలతో గాలం వేసిన అలవాటు ఉంది. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వచ్చే ఏడాది నన్ను కోస్టారికా దేశంలోని బార్రా దెల్ కొలరాడోకు టార్పన్ చేపల వేటకు తీసుకుపోతానంటున్నాడు. అక్కడ లైట్ ట్యాకిల్, అంటే తేలికపాటి రాడ్డు, సన్నని లైను వాడతారట. ఈ వయసులో అది నాకు సాధ్యమేనా? ఏం నేర్చుకొని వెళ్లాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: సాధ్యమేనండీ. బెండు కదలికను బట్టి నీటి కింద ఏం జరుగుతున్నదో ఊహించే ఓపిక మీకు ఇప్పటికే ఉంది. అది కొత్తగా నేర్చుకొనేవారికి అంత తొందరగా రాదు. అయితే వెదురు కర్రకూ రీలు బిగించిన రాడ్డుకూ ఉన్న తేడాను మీరు ఇక్కడి నుంచి బయలుదేరక ముందే చేతితో తెలుసుకోవాలి. కర్రకు కట్టిన దారం ఎంత పొడవుంటే అంతే కాబట్టి, చేప దానికి మించినదైతే దారం తెగుతుంది, లేదా కర్ర విరుగుతుంది. రీలులో మాత్రం రెండు మూడు వందల మీటర్ల లైను చుట్టి ఉంటుంది, చేప గుంజినప్పుడు అది మనం ముందుగా బిగించి పెట్టిన బిగువు మేరకు జారుతూ పోతుంది. డ్రాగ్ అనే ఆ బిగువే చేపను అలసిపోయేలా చేస్తుంది తప్ప మన చేతి బలం కాదు. అందువల్ల వయసు ఇక్కడ పెద్ద అడ్డంకి కాదు. భుజం, నడుము, గుండె విషయంలో మాత్రం ముందుగా మీ డాక్టరు గారితో మాట్లాడండి.

మీరు వెళ్లే ఊరు కోస్టారికా ఈశాన్య మూలన, సాన్ హువాన్ నది నుంచి చీలిన రియో కొలరాడో పాయ కరీబియన్ సముద్రంలో కలిసే చోట ఉంది. అక్కడికి పడవలోనో చిన్న విమానంలోనో చేరాలి. వరంగల్‌లో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే ఆ తీరంలో దాదాపు 5,000 మిల్లీమీటర్లు పడుతుంది కాబట్టి మంచి వాన కోటు, తడిసినా తొందరగా ఆరే బట్టలు తప్పనిసరి. మార్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ వానలు కొంత తగ్గుతాయి, తేదీలు మీ చేతిలో ఉంటే ఆ నెలలను చూసుకోండి. నది నీరూ సముద్రపు అలా ఎదురెదురుగా కొట్టుకొనే ముఖద్వారాన్ని దాటే ఆ కొద్ది నిమిషాలే ప్రయాణంలో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన సమయం. లైఫ్ జాకెట్ లేకుండా ఆ పడవ ఎక్కవద్దు. సముద్రం బాగా లేదని పడవ నడిపే ఆయన అంటే, ఎంత ఖర్చు పెట్టుకొని వచ్చినా సరే, ఆ రోజు లోపలి మడుగుల్లోనే గాలం వేయండి. అక్కడ కూడా స్నూక్, గ్వాపోటే వంటి మంచి చేపలున్నాయి.

ఇక టార్పన్ సంగతి. పెద్ద పెద్ద వెండిరంగు పొలుసులున్న ఈ చేప ఆ తీరంలో 30, 40 కిలోల బరువు తూగడం మామూలే. ప్రపంచ రికార్డు 2003లో గినీ బిస్సావు దేశంలో పట్టిన సుమారు 130 కిలోల చేపది. దీని నోటి లోపలంతా గట్టి ఎముక కాబట్టి గాలం దిగే మెత్తని చోటు తక్కువ. గాలం తగలగానే మనిషి ఎత్తున గాలిలోకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో రాడ్డు కొనను చేప వైపు వంచి లైనును వదులు చేయాలి. నీటిలో ఉన్నంతసేపు చేప బరువును నీరే మోస్తుంది. గాలిలో ఉన్నప్పుడు బిగువుగా ఉన్న లైను మీద ఆ బరువంతా పడితే లైను తెగుతుంది, లేదా గాలం ఊడిపోతుంది. చెరువులో గాలం వేసిన మనవాళ్లకు ఇదే కష్టం, ఎందుకంటే చేప ఎగిరితే వెనక్కి గుంజడం మన చేతులకు పడిపోయిన అలవాటు. ఎవరినైనా లైను కొస పట్టుకొని ఎదురుగా నిలబడి ఉన్నట్టుండి చేయి పైకెత్తమని చెప్పి, వారు ఎత్తగానే మీరు రాడ్డును ముందుకు వంచే సాధనను కొన్నాళ్లపాటు చేయండి.

మీ అనుభవం సూటిగా పనికివచ్చే చోటు కూడా ఒకటి ఉంది. కొర్రమీను నీటి పైకి వచ్చి గుటుక్కున గాలి మింగి, బుడగలు వదిలి పోవడం మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. టార్పన్ కూడా అలాగే పైకి వచ్చి గాలి మింగుతుంది. దాని కడుపులోని గాలితిత్తి ఊపిరితిత్తిలా పనిచేస్తుంది కాబట్టే ఆక్సిజన్ తక్కువగా ఉన్న మురుగు మడుగుల్లో కూడా అది బతకగలదు. పైకి వచ్చి వీపు చూపుతూ పొర్లే ఆ కదలికను బట్టే అక్కడివారు చేపల గుంపును కనిపెడతారు. చేప తేలిన చోట కాకుండా అది పోతున్న దిక్కున కొంచెం ముందుకు ఎర వేయాలని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఏ లైను వాడాలన్నదే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. 1939లో ఏర్పడిన ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ రికార్డుల కోసం లైన్లను, అవి తెగే బరువును బట్టి, 1 కిలో నుంచి 60 కిలోల వరకు తరగతులుగా విభజించింది. సముద్రంలో సుమారు 10 కిలోల లైనును, అంతకంటే సన్నని లైన్లను తేలికపాటివిగా భావిస్తారు. ఎంత సన్నని లైనుతో ఎంత పెద్ద చేపను తెస్తే అంత గొప్ప అనే మాట మీకు అక్కడ వినిపించవచ్చు, కానీ నేను దానిని అంగీకరించను. లైను సన్నబడిన కొద్దీ పోరాటం గంటల తరబడి సాగుతుంది. చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుంది. మన చేతి నుంచి వదిలినప్పుడు తోక ఆడించి వెళ్లినా, తరువాత అడుగున పడి చనిపోవచ్చు, లేదా ఆ ముఖద్వారం దగ్గరే తిరిగే సొరచేపలకు చిక్కవచ్చు. వెచ్చని నీటిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది, ఉప్పునీటిలో అంతకంటే తక్కువ. అందుకని టార్పన్‌కు 15 కిలోల లైను, దాని కొసకు, గాలానికి ముందు, రాపిడిని తట్టుకొనే 30 కిలోలకు తక్కువ కాని మందమైన లైను ముక్క, అంటే లీడరు పెట్టండి. నాలుగు, ఆరు కిలోల సన్నని లైన్లను మడుగుల్లోని చిన్న చేపలకు దాచుకోండి. చేప అలసిపోయి కాకుండా బలం ఉండగానే పడవ పక్కకు వచ్చేటంత తేలిక ఉంటే చాలు.

ప్రశ్న: గోవాలో సెలవులకు వెళ్లినప్పుడు అద్దె పడవ నుంచి 6 కిలోల లైనుతో గాలం వేశాను. పెద్ద చేప ఒకటి తగిలి దూరం పోయినా లైను తెగలేదు కానీ, పడవ దగ్గరికి వచ్చాక ఒక్క గుంజుతో తెగింది. చేప అలసిపోయిన తరువాత తెగడం ఎందుకు?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

సమాధానం: నైలాన్ లైను సాగుతుంది. యాభై మీటర్ల లైను బయట ఉన్నప్పుడు చేప ఒక్కసారి గుంజితే ఆ సాగుదల దెబ్బను మింగేస్తుంది. పడవ పక్కన రెండు మూడు మీటర్లే మిగిలినప్పుడు సాగడానికి లైను లేదు, దెబ్బంతా ముడి మీద పడుతుంది. అల్లిన లైను అయితే దూరంలో కూడా దాదాపు సాగదు కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. చేప పడవను చూసి చివరిసారి అడుగుకు దూకుతుందని ముందే అనుకొని, అది దగ్గరికి రాగానే డ్రాగ్‌ను కొంచెం వదులు చేసి, రాడ్డును మరీ నిటారుగా ఎత్తకుండా ఉంచాలి.

అయితే అసలు డ్రాగ్‌ను ఎంత బిగువులో పెట్టారో మీరు రాయలేదు, నా అనుమానం అక్కడే ఉంది. చాలామంది లైనును చేతితో గుంజి చూసి సరిపోయిందనుకుంటారు. ఒక స్ప్రింగ్ కాటాను తీసుకొని లైను కొసకు కట్టి, రాడ్డును నలభై ఐదు డిగ్రీల వంపులో పట్టుకొని, మరొకరిని కాటాను నెమ్మదిగా లాగమనండి. రీలు నుంచి లైను జారడం మొదలైనప్పుడు కాటా ముల్లు ఎక్కడుందో చూడండి. లైను తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉండాలి, అంటే మీ 6 కిలోల లైనుకు కిలోన్నర నుంచి రెండు కిలోలు. ఇంత తక్కువ ఎందుకంటే, చేప లైనును గుంజుకుపోతున్న కొద్దీ రీలు మీది చుట్ట సన్నబడుతుంది, చుట్ట వ్యాసం సగానికి తగ్గితే అదే డ్రాగ్ రెండింతల బిగువు చూపిస్తుంది. కిలోన్నర దగ్గర పెట్టినది అప్పటికి మూడు కిలోలైంది. దానికి రాడ్డు మీది వలయాల్లో రాపిడి, నీటిలో విల్లులా వంగి ఈడ్చుకుపోయే లైను మీది ఒత్తిడి తోడవుతాయి. చేప పారిపోతున్నప్పుడు భయపడి ఇంకా బిగించడం అందరూ చేసేదే, కానీ చేయవలసింది సరిగ్గా దానికి తలకిందులు. జారుతున్న లైను మీద రీలు పిడిని తిప్పుతూ ఉండటం కూడా మానాలి, దానివల్ల లైను మెలికలు పడి బలం కోల్పోతుంది.

ముడిని బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. ఆ రోజు వేట ముగిశాక రీలును మంచినీటితో పైపైన కడిగి, డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేసి పెట్టండి.

ప్రశ్న: తినడానికి పట్టడం నాకు అర్థమవుతుంది. పట్టి, ఫోటో దిగి, వదిలేయడం ప్రాణంతో ఆడుకోవడం కాదా?
– ఒక గృహిణి, కరీంనగర్

సమాధానం: అమ్మా, మీ ప్రశ్న న్యాయమైనది. గాలం గుచ్చుకున్న చేప బెదురుతుంది, అలసిపోతుంది, వదిలిన వాటిలో కొన్ని చనిపోతాయి. ఇది కాదని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది తప్పనిపించినవారు గాలం పట్టకపోవడమే సరైనది, వారిని ఒప్పించాలనే ఉద్దేశం నాకు లేదు.

నేను చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. ఈ లాడ్జీలకు బతికున్న చేపే ఆధారం. బెలీజ్ దేశం 2009లో బోన్‌ఫిష్, పర్మిట్, టార్పన్ అనే మూడు చేపలను పట్టినా వదిలివేయాలని చట్టం చేసింది. గాలం వేటకు వచ్చేవారి మీద ఆధారపడిన పడవవాళ్లు, దారి చూపేవాళ్లు ఆ చేపలను కాపాడటంలో తమ కూలి ఉన్నదని గుర్తించారు. టార్పన్ 50 ఏళ్లకు పైగా బతికే చేప, కాబట్టి దానిని ఒకసారి చంపితే ఆ లోటు పూడటానికి చాలా ఏళ్లు పడుతుంది. స్నూక్ చేపలోనూ, మనకు కోస్తా నుంచి వచ్చే పండుగప్పలోనూ చిన్నప్పుడు మగగా ఉన్నవి పెరిగాక ఆడవిగా మారతాయి. పెద్ద చేపను చంపడమంటే గుడ్లు పెట్టే తల్లిని చంపడమే.

వదలాలని నిర్ణయించుకున్నవారు సరిగ్గా వదలాలి. సహజమైన ఎర వాడేటప్పుడు కొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ గాలం పెడితే, అది మింగుడు పడకుండా జారి నోటి మూలకు తగులుతుంది. దానితో గట్టిగా కొట్టి గుంజకూడదు, లైను నెమ్మదిగా బిగిస్తే చాలు. గాలం ముల్లును పటకారుతో నొక్కివేయాలి. చేపను తాకే ముందు చేతులు తడుపుకోవాలి, ఎందుకంటే పొడి చేయి దాని ఒంటి మీది జిగురు పొరను ఊడదీస్తుంది, ఆ పొర పోయిన చోట పుండు పడుతుంది. పెద్ద చేపను పడవలోకి ఎత్తి ఒళ్లో పెట్టుకొనే ఫోటో వద్దే వద్దు. నీటిలో ఉన్నప్పుడు దాని అవయవాలకు ఉన్న ఆసరా గాలిలో ఉండదు. దాని ముఖం ప్రవాహానికి ఎదురుగా పట్టి, మొప్పల్లోంచి నీరు పోనిచ్చి, అది తనంతట తాను చేతిని తోసుకొని పోయేదాకా ఆగాలి.

ప్రశ్న: మాది జగిత్యాల. మస్కట్‌లో పని చేస్తున్నాను. జూన్‌లో సెలవు మీద వచ్చి అండమాన్‌లో ఇలాంటి లాడ్జీకి వెళ్లాలనుకుంటున్నాను. ఎలా ఉంటుంది?
– ఒక పాఠకుడు, మస్కట్

సమాధానం: జూన్‌లో వద్దు. నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను మే నెలలోనే తాకుతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు చాలా రోజులు కదలవు. సెలవును జనవరి నుంచి ఏప్రిల్ మధ్యకు మార్చుకోగలిగితే వెళ్లండి. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది, టిక్కెట్లు వెతికేటప్పుడు రెండు పేర్లూ చూడండి.

అక్కడ పేరున్న చేప జెయింట్ ట్రెవల్లీ. అది పగడపు దిబ్బల అంచున ఉంటుంది, గాలం తగలగానే దిబ్బల కిందికి దూరి లైనును కోస్తుంది కాబట్టి దానికి బరువైన సామగ్రే వాడాలి, తేలిక రాడ్డుతో ప్రయత్నించడం చేపకూ మీకూ మంచిది కాదు. నీలి ట్రెవల్లీ, క్వీన్‌ఫిష్, మడ అడవుల అంచున దొరికే మాంగ్రోవ్ జాక్ మాత్రం తేలికపాటి సామగ్రికి చక్కగా సరిపోతాయి. మడ కాలువల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, నీటిలోకి దిగి నిలబడవద్దు. 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో వేట నిషేధం. జారవా, సెంటినలీ తెగల రక్షిత ప్రాంతాల దరిదాపులకు పోవడం నేరం. అనుమతి పత్రాలు చూపించగలిగే పడవనే మాట్లాడుకోండి.

ఇంకొక మాట. మన చెరువు నీటికి పోటు పాటు లేవు, అక్కడ మాత్రం వేటంతా వాటి మీదే నడుస్తుంది. సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి పోటు వస్తుంది, రోజురోజుకూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువగా ఎక్కి దిగుతుంది. నీరు కదులుతున్నప్పుడు చేప తింటుంది, నిలిచినప్పుడు చాలావరకు ఊరుకుంటుంది. బుక్ చేసే ముందు ఆ వారం పోటు సమయాలు అడగండి.

ప్రశ్న: పట్టిన చేపను లాడ్జీలోనే పులుసు పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: చిన్నవాటిని, నియమాలు ఒప్పుకొంటే, ఒకటి రెండు వండించుకోవచ్చు. పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద బర్రకుడా, పెద్ద ట్రెవల్లీ, పెద్ద గ్రూపర్ చేపలను మాత్రం తినవద్దు. దిబ్బల మీది సూక్ష్మజీవుల్లో పుట్టే సిగ్వాటెరా అనే విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి చేరి పేరుకుపోతుంది. దానికి రుచి, వాసన లేవు. ఎంత ఉడికించినా, వేయించినా, చింతపులుసు పోసినా పోదు. వాంతులు, విరేచనాలతో పాటు పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లనిది ముట్టుకుంటే మంటగా అనిపించడం దాని లక్షణాలు. అలా అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఏ చేప తిన్నారో చెప్పండి.

ప్రశ్న: సముద్రానికి పోయే ముందు రామప్ప, లక్నవరం, పాకాల చెరువుల్లో తేలిక రాడ్డుతో సాధన చేయవచ్చా?
– ఒక పాఠకుడు, ములుగు

సమాధానం: కాకతీయుల నాటి ఈ చెరువుల్లో సాధన చేయాలన్న కోరిక మంచిదే కానీ, ముందు అనుమతి చూసుకోండి. పాకాల అభయారణ్యం పరిధిలో ఉంది కాబట్టి అటవీ శాఖ ఒప్పుకోకుండా అక్కడ గాలం తీయవద్దు. మిగతా చెరువుల్లో చేపల మీద హక్కు సాధారణంగా ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. పిల్లలను వదిలి, కావలి కాసి, ఏడాదికి ఒకసారి వల వేసుకొనే వారి కష్టం అందులో ఉంది. సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి, పట్టి వదిలేస్తామని చెప్పి, ఒప్పుకుంటేనే కట్ట ఎక్కండి.

సాధనకు కొర్రమీనుకు మించిన చేప లేదు. తుంగ, తామరాకుల నడుమ రబ్బరు కప్ప ఎరను నీటి పైనే ఈడుస్తూ తెస్తే అది కింది నుంచి లేచి కొడుతుంది. కొట్టిన శబ్దానికి ఉలిక్కిపడి వెంటనే గుంజితే ఎర నోట్లోంచి వచ్చేస్తుంది, లైను బరువెక్కే వరకు ఆగడం చేతికి అలవాటు కావాలి. అనుకున్న చోటికి, తామరాకుల సందులోకి ఎర వేయడం కూడా ఇక్కడే పట్టుబడుతుంది.

వానాకాలంలో, చెరువు మత్తడి దుంకే రోజుల్లో మాత్రం ఆపండి. అప్పుడు నీటి పైన అరచేతి వెడల్పున ఎర్రగా, ఉడుకుతున్నట్టు కదిలే గుంపు ఒకటి కనిపిస్తుంది. అవి కొర్రమీను పిల్లలు, వాటి కిందనే తల్లిదండ్రులు కావలి ఉంటాయి. పిల్లల మీదికి ఏది వచ్చినా అవి కొడతాయి కాబట్టి ఆ సమయంలో వాటిని పట్టడం చాలా తేలిక, కానీ పెద్దవి పోతే కాసేపట్లో ఆ పిల్లలన్నీ పరకలకూ జెల్లలకూ ఆహారమవుతాయి. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. ఎర్ర గుంపు కనిపించిన చోట ఎర వేయకుండా ఇంకో వైపుకు పోండి, సంఘం వాళ్లకు ఆ చోటు చూపించండి. సాధనకు అక్టోబరు తరువాత, నీరు తేరి, పిల్లలు విడిపోయాక దిగండి.